మూడో బేరింగులో బిరడా

పోయిన వారం నా చేతిలో దబ్బనం, దబ్బనం మొన పట్టపురాణి మూడో బేరింగు నూనె కన్నంలో, కన్నంలో ఏదో అడ్డం తగిలి నా నోరు తెరుచుకున్న దగ్గర మిమ్మల్ని వదిలేశాను. వారం రోజులూ నోరు తెరుచుకునే ఉన్నాననుకోకండి. నిజానికి అది ఒక్క క్షణం. గుటక మింగేలోపే అదేమిటో నాకు అర్థమైపోయింది. అర్థం కాకపోయినా బాగుండేది.

మధ్యలో చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. పట్టపురాణి అంటే కారు. నూరేళ్ళు దాటిన కారు. ఆరు సిలిండర్లు, ఇత్తడి లాంతర్లు, మనిషి ఛాతీ దాకా వచ్చే రేడియేటరు, వెనక కూర్చున్న దొరగారు డ్రైవరుతో మాట్లాడటానికి ఒక గొట్టం. అది బంగళా పెద్దాయనది. తన ఎనభయ్యో పుట్టినరోజున దాన్ని స్వయంగా నడుపుకుంటూ ఊరంతా తిరగాలని ఆయన కోరిక. అందుకోసం ఇరవై ఎనిమిదేళ్ళ క్రితం మా నాన్నా, మా బాబాయీ కలిసి ఇదే షెడ్డులో దాని ఇంజను మొత్తం విప్పి బాగుచేశారు. షెడ్డు నుంచి బంగళా దాకా ఆరు కిలోమీటర్లు పట్టపురాణి హుందాగా నడిచింది. గేటు ముందు, పూలదండ పట్టుకుని పెద్దాయన, ఆయన వెనక ఊరు ఊరంతా చూస్తుండగా, ఒక్క కేక పెట్టి బిగుసుకుపోయింది. మళ్ళీ కదల్లేదు. మరుసటేడు పెద్దాయన పోయాడు.

ఆ రోజు గేటు దగ్గర నాన్న అందరి ముందూ బాబాయి మీద నిప్పులు చెరిగాడు. ‘నూనె చూసుకోమని నీకే కదరా చెప్పాను!’ అని. ‘నిండా పోశానన్నయ్యా’ అన్నాడు బాబాయి. ఒక్కసారే అన్నాడు. నాన్న నమ్మలేదు. ఆ సాయంత్రమే బాబాయి తన పనిముట్ల పెట్టె నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయి, మూడు వీధుల అవతల ఇత్తడి లాంతర్ల కొట్టు పెట్టుకున్నాడు. పెద్దాయన కోపంతో కారుని తోయించుకుపోయి వెనక రేకుల కింద పడేశాడు. ఇంజను విప్పి చూసే అవకాశం ఎవరికీ రాలేదు. ఇన్నాళ్ళకి ఆయన మనవరాలు డాక్టరమ్మ దాన్ని మళ్ళీ మా షెడ్డుకే తెచ్చి, "మా తాతయ్య తిరగలేకపోయిన ఊరు నేను తిరగాలి మేస్త్రిగారూ" అంది. నాన్న చేతులు ఇప్పుడు వణుకుతాయి కాబట్టి పని నాది, స్టూలు మీద కూర్చుని తప్పులు పట్టడం ఆయనది.

ఇరవై ఎనిమిదేళ్ళుగా అన్నదమ్ములకి మాటల్లేవు. లేవంటే అసలే లేవని కాదు, నా ద్వారా ఉన్నాయి. "వాడికి జ్వరమట, మాత్ర వేసుకున్నాడేమో కనుక్కో, నేనడిగానని చెప్పకు" అని నాన్న. "ఆయన ఈ వయసులో నిచ్చెనలెక్కుతున్నాడట, దిగమను, నేనన్నానని అనకు" అని బాబాయి. మేం పై వాటాలోకి మారినప్పుడు బీరువా మోయడానికి ఇంకెవరూ దొరక్క వాళ్ళిద్దరే మోశారు. ముందు నాన్న, వెనక బాబాయి. మధ్యలో నేను మెట్టు మెట్టుకీ "నాన్నా, బాబాయి ఆగమంటున్నాడు. బాబాయ్, నాన్న ఎత్తమంటున్నాడు" అని వల్లిస్తూ ఎక్కాను. పదమూడో ఏట మొదలైన ఉద్యోగం ఇది. ఇప్పుడు నాకు నలభై ఒకటి. జీతం లేదు, సెలవు లేదు.

ఇక బిరడా సంగతి. ఈ కాలపు కార్లకి బేరింగు పోతే పెట్టెలోంచి కొత్తది తీసి వేస్తారు. పట్టపురాణికి అలా కుదరదు. వైట్ మెటల్ అనే మెత్తటి తెల్లలోహం కరిగించి పోత పోయాలి. చల్లారాక స్క్రేపర్ పట్టుకుని చేత్తో గీకాలి. బేరింగులో తిరిగే ఇరుసుకి, అదే క్రాంక్ షాఫ్టుకి, నీలిరంగు పూసి తిప్పి, రంగు ఎక్కడ అంటిందో అక్కడ మళ్ళీ గీకాలి. అలా అరవై సార్లో, వంద సార్లో. గీకిన పొట్టు నూనె కన్నంలోకి జారిందంటే ఇంజను కొంప మునిగినట్టే. అందుకని ముందే కన్నానికి వేలి గోరంత కర్ర బిరడా పెడతాం. ఊడిపోకుండా దానికి దారం చుడతాం. మా షెడ్డులో ఎవరి దారం వాళ్ళది. నాన్నది తెలుపు, బాబాయిది ఎరుపు, నాది నీలం. ఇంజను మూసేముందు ఎవరి బిరడాలు వాళ్ళు తీసి, గోడకి వేలాడే రేకు మూతలో వేసి, పైకి వినపడేలా లెక్కపెట్టాలి. లెక్క తేలకపోతే ఇంజను మూత పడదు. అన్నం మానేసినా మానేస్తాం కాని ఈ లెక్క మానం.

మూడో బేరింగు ఆ రోజు ఎండిపోయి, వైట్ మెటల్ కరిగి కారి, నూనె కన్నం మీదే గడ్డకట్టింది. ఆ గడ్డని గీకి దబ్బనంతో కెలికితే తగిలింది బిరడా. మెల్లగా ఊడదీశాను. పైభాగం మాడి బొగ్గయింది. కింద దారం నూనెలో నాని నల్లగా, ఏ రంగో చెప్పలేకుండా ఉంది.

నూనె నిండా పోశానని బాబాయి చెప్పింది నిజమే. పోసిన నూనె మూడో బేరింగుకి చేరలేదు. ఇది అడ్డం కూర్చుంది.

బిరడాని గుప్పిట్లో దాచుకున్నాను.

"చెయ్యి ఆగిందేమే?" అన్నాడు నాన్న, నాలుగడుగుల అవతల స్టూలు మీద నుంచి.

"చెమట తుడుచుకుంటున్నా."

"తుడుచుకుంటే గుడ్డ చప్పుడవుతుంది. ఏం దొరికింది?"

"మడ్డి."

"మడ్డి దొరికితే తిడతావు నువ్వు. తిట్టలేదు."

డెబ్భై ఆరేళ్ళ మనిషి. కళ్ళకి మసక, చేతులకి వణుకు, చెవులు మాత్రం పిల్లి చెవులు. లేచి వచ్చి నా ముందు అరచెయ్యి చాపాడు. చిన్నప్పుడు నా నోట్లోంచి బోల్టు కక్కించడానికి అలాగే చాపేవాడట. ఏం చేయను, పెట్టేశాను.

చాలాసేపు చూశాడు. ఆయన ఒంటి మీద పాత ఖాకీ చొక్కా, దానికి చిలకపచ్చ దారంతో కుట్టిన గుండీలు. మా అమ్మ తెల్ల చొక్కాకైనా నల్ల కోటుకైనా చిలకపచ్చ దారంతోనే గుండీలు కుడుతుంది. నేను పుట్టకముందెప్పుడో ఆ రంగు దారం పెద్ద పెద్ద ఉండలు చవగ్గా కొనిపెట్టుకుంది. అవి మా మునిమనవల కాలానికి కూడా తరగవు. ‘నన్ను చిలక చేసిందే మీ అమ్మ’ అని నాన్న రోజూ సణుగుతాడు, రోజూ అదే చొక్కా వేసుకుంటాడు. ఆ గుండీ దగ్గరికి తెచ్చుకుని మరీ బిరడాని తిప్పి తిప్పి చూశాడు.

"ఏ రంగు?" అన్నాడు చివరికి.

"తెలీడం లేదు నాన్నా. కిరసనాయిల్లో కడిగితే తెలుస్తుంది."

ఆయన కడగమనలేదు. వద్దనలేదు. వెళ్ళి మళ్ళీ స్టూలు మీద కూర్చున్నాడు. మా నాన్న దేనికైనా భయపడటం నేను అంతకు ముందు చూడలేదు. ఆసుపత్రిలో ఆపరేషను బల్ల మీద కూడా ‘ఆ లైటు వైరింగు సరిగ్గా లేదు’ అని గొణిగిన మనిషి. అలాంటివాడు గోరంత కర్రముక్కని చూసి భయపడుతుంటే నాకు ఏడుపొచ్చింది.

"దీన్ని పొయ్యిలో పడేద్దాం" అన్నాను. "నేనూ చూళ్ళేదు, నువ్వూ చూళ్ళేదు."

"తెల్లదైతేనే..." అని ఆగాడు. "తెల్లదైతే నేను ఊరందరి ముందూ వాణ్ణి అన్నేసి మాటలన్నానే."

"ఎర్రదైతే?"

"ఎర్రదైతే మరీ ఘోరం. వాడు తట్టుకోలేడు. పైకి నవ్వుతూ తిరుగుతాడు కాని వాడి గుండె నాకు తెలుసు, మెత్తటిది." ఇంకా ఏదో అనబోయి మింగేశాడు. "వెళ్ళి మీ బాబాయిని పిలుచుకురా" అన్నాడు. "వాడు లేకుండా కడగకూడదు. అది ధర్మం కాదు."

నేను కదల్లేదు. విన్నది నిజమో కాదో తేల్చుకోవాలిగా.

"ఏమే, నీక్కూడా నూనె అందలేదా? వెళ్ళు!"

బాబాయి కొట్టులో పట్టపురాణి ఎడమ లాంతరుని ఒళ్ళో పెట్టుకుని తోముతున్నాడు. డాక్టరమ్మ లాంతర్ల పని ఆయనకిచ్చింది. ఇవ్వమని చెప్పింది ఎవరో నేను చెప్పను, చెప్పొద్దన్నారు. సంగతంతా వినిపించాను. ఆయన లాంతరుని కింద పెట్టాడు. లేచి చెప్పులు తొడుక్కున్నాడు, కుడిది ఎడమకి, ఎడమది కుడికి. రెండడుగులు వేసి, వెనక్కొచ్చి, లాంతరు చంకన పెట్టుకున్నాడు.

"అదెందుకు బాబాయ్?"

"ఇన్నేళ్ళ తర్వాత ఖాళీ చేతుల్తో ఎలా వస్తానే అమ్మలూ?"

దారంతా ఆయన అడిగింది ఒక్కటే మాట, అదీ మూడుసార్లు. "నన్ను రమ్మన్నది ఆయనేనా? మీ అమ్మ కాదుగా?"

షెడ్డు గుమ్మం దగ్గర ఆగిపోయాడు. లోపల నాన్న లేచి నిలబడి ఉన్నాడు. మధ్యలో విప్పిపడేసిన ఇంజనుతో పట్టపురాణి.

"మీ బాబాయిని లోపలికి రమ్మను" అన్నాడు నాన్న, నాతో.

"ఆయన్ని కూర్చోమను, మోకాళ్ళు నొప్పులట కదా" అన్నాడు బాబాయి, నాతో.

"మోకాళ్ళకేం, బాగానే ఉన్నాయని చెప్పు."

"బాగుంటే మొన్న రిక్షా ఎందుకెక్కాడో అడుగు."

"అయ్యా, బాబూ, మీ ఇద్దరికీ దణ్ణం" అన్నాను. "ఇదిగో బిరడా. ఇదిగో కిరసనాయిలు. నేను నోరు మూసుకుంటున్నాను."

సత్తు గిన్నెలో కిరసనాయిలు పోసి బల్ల మీద పెట్టాను. బాబాయి లాంతరుని ఓ పక్కన దించి, కళ్ళజోడు తుడుచుకుని బిరడాని పట్టుకారుతో పట్టుకుని చూశాడు. నుదురు ముడిపడింది.

"దీనికి తల లేదేం?"

బిరడాకి తల అంటే పైకి పొడుచుకు వచ్చే ముక్క. నాన్నదైనా, బాబాయిదైనా, నాదైనా బిరడాకి తల ఉంటుంది. గీకేటప్పుడు దాని చుట్టూ తిరిగి గీకుతాం. మూసేముందు ఆ తల పట్టుకునే లాగుతాం. ఇది తల లేకుండా సాపుగా కోసి ఉంది. కన్నంలో లోపలికంటా దిగిపోతుంది, పైకి కనపడదు. అలాంటి బిరడా మీద నుంచి స్క్రేపర్ అడ్డం లేకుండా పోతుంది, గీత తెగదు. కాని తీయాలంటే దారం కొస పట్టుకుని లాగాలి. కొస తెగితే ఇక అది ఉన్నట్టు కూడా తెలీదు.

"విరిగి ఉంటుందిలేరా" అన్నాడు నాన్న.

"విరిగినట్టు లేదన్నయ్యా. కోసినట్టుంది."

నేను ఊపిరి బిగబట్టాను. మధ్యలో నేను లేకుండా ఇద్దరూ మాట్లాడేసుకున్నారు! వాళ్ళు గమనించలేదు. గమనిస్తే ఆపేస్తారేమోనని నేను గోడకున్న ఫోటో వైపు తిరిగి నిలబడ్డాను. పట్టపురాణిని షెడ్డులోంచి బయటికి తీసిన రోజున తీసిన ఫోటో అది. బాబాయి నవ్వుతూ రేడియేటరు మీద చెయ్యి వేసి ఉంటాడు. నాన్న ఒక చెయ్యి వెనక్కి దాచుకుని మహారాజులా నిలబడి ఉంటాడు. ఆ పోజు చూసి మేం ఎన్నిసార్లు నవ్వుకున్నామో లెక్కలేదు.

"కడిగేముందు నేనొకటి చెప్పాలి" అన్నాడు బాబాయి. "ఆ రోజు నా బిరడాలు నేను ఒక్కసారే లెక్కపెట్టాను. రెండుసార్లు పెట్టాలిగా మనం. పెద్దాయన మేనేజరు వచ్చి నెత్తిమీద నిలబడ్డాడు, తొందరలో ఒక్కసారే పెట్టాను. నువ్వు గేటు దగ్గర అరిచినప్పుడు నోరెత్తకపోయింది అందుకే. నూనె పోశానని నాకు తెలుసు. బిరడా సంగతే తెలీదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా అదే తొలిచేస్తోంది నన్ను."

నాన్న బల్ల అంచు పట్టుకున్నాడు.

"నువ్వు ఒక్కసారైనా పెట్టావు" అన్నాడు. "నేను అసలు పెట్టలేదురా. రేకు మూత గలగల్లాడించి, సరిపోయాయి అని అరిచాను. అంతే. గేటు దగ్గర ఇంజను బిగుసుకోగానే నాకు ముందు గుర్తొచ్చింది అదే. ఎవరైనా నన్నడుగుతారేమోనని భయమేసి, నేనే ముందు నీమీద అరిచాను."

మా నాన్నని నేను ఎన్ని రకాలుగా ప్రేమించానో నాకే తెలీదు కాని, ఆ నిమిషంలో ఆయన్ని చూసి ఒళ్ళు మండింది. మండుతూనే, వెళ్ళి ఆయన వణుకుతున్న చెయ్యి పట్టుకోవాలనిపించింది. రెండూ ఒకేసారి ఎలా అనిపిస్తాయో నన్నడక్కండి.

బాబాయి ఆయన ముఖంలోకి చూశాడు. తిడతాడనుకున్నాను. "అన్నయ్యా, ఇంతేనా?" అన్నాడు. "ఈ ముక్క చెప్పడానికి మూడు వీధులు నడవలేకపోయావా?"

"సిగ్గేసిందిరా."

"సరే, కడుగు. ఎవరిదైనా ఒకటే ఇప్పుడు."

కడిగింది నేను. కిరసనాయిల్లో ముంచి, పళ్ళు తోముకునే పాత బ్రష్షుతో మెల్లగా రుద్దాను. నలుపు కారుతోంది. రెండోసారి గిన్నె మార్చాను. మూడోసారి మార్చాను. దారం రంగు తేలింది. ఇద్దరూ నా రెండు భుజాల మీదుగా తొంగి చూశారు.

తెలుపు కాదు, ఎరుపు కాదు. చిలకపచ్చ.

నాకు వెంటనే బుర్రలోకి ఎక్కలేదు. ‘మన షెడ్డులో పచ్చదారం ఎవరిది?’ అని అడగడానికి నాన్న వైపు తిరిగాను. ఆయన చెయ్యి చొక్కా మీద ఉంది. గుండె నొప్పేమోనని గాభరాపడ్డాను. కాదు. గుండీని దాస్తున్నాడు. నాలుగు గుండీలుంటే ఒక అరచెయ్యి ఎన్నింటిని దాస్తుంది!

"నాదే" అన్నాడు గబగబా. "తెల్లదారమే. నూనెలో నాని అలా అయింది."

"పచ్చగానా?" అన్నాను.

"నూనెలో ఏదైనా అవుతుంది! నీకేం తెలుసు?"

బాబాయి ఆయన చొక్కా వైపు చూశాడు. ఆ చెయ్యి వైపు చూశాడు. బాబాయి ముఖంలో ఏదో మెరిసి ఆరింది.

"కాదు, నాదే" అన్నాడు. "ఎర్రదారం వెలిస్తే ఇదే రంగు వస్తుంది. లాంతర్ల వత్తుల్లో రోజూ చూస్తాను నేను."

"నాదంటుంటే నీదంటావేంట్రా?"

"నువ్వు పెద్దవాడివి, నీకు చూపు ఆనదు. ఇది నాదే."

"ఒరే, తప్పు నాదని ఒప్పుకుంటుంటే అది కూడా నాకు దక్కనివ్వవా?"

"ఇన్నేళ్ళు నా నెత్తిన పెట్టావుగా, అలవాటైపోయింది, నా దగ్గరే ఉండనీ!"

తప్పు నీదంటే నీదని విడిపోయిన ఇద్దరు ముసలాళ్ళు, తప్పు నాదంటే నాదని గొంతులు చించుకుంటున్నారు. గుమ్మంలో గ్లాసులు చప్పుడయ్యాయి. అమ్మ టీ పట్టుకొచ్చింది. నాలుగు గ్లాసులు. మరిది గేటు దాటడం కిటికీలోంచి చూసిందన్నమాట.

"ఏం మరిదీ, దారి తప్పావా?" అంది నవ్వుతూ.

"లేదు వదినా, ఇప్పుడే దారిలో పడ్డాను" అన్నాడు బాబాయి. అంటూనే గిన్నెకి అడ్డంగా జరిగాడు. అటు నుంచి నాన్న కూడా జరిగాడు. వాళ్ళిద్దరి భుజాలూ ఒకదానికొకటి కొట్టుకున్నాయి. మా అమ్మ ముందు ఎవరైనా ఏదైనా దాచగలరా? పళ్ళెం బల్ల మీద పెట్టి, ఇద్దర్నీ చెరో పక్కకి తోసి, గిన్నెలోకి చూసింది.

ఆమె ముఖంలో నవ్వు ఆగిపోయింది. బిరడాని రెండు వేళ్ళతో తీసి, తెగిపోయిన దారం కొసని గోటితో తడిమింది.

"మూడోదాన్లోదా?" అంది.

నాన్న తల దించుకున్నాడు. ఏ బేరింగులో దొరికిందో ఆమెకి ఎవరూ చెప్పలేదు.

ఇక్కడ మీకొకటి చెప్పాలి. మూడో బేరింగు కరిగిపోయినా, ఒక అంచున వేలెడు వెడల్పున పాత గీకుడు మిగిలింది. నాన్న గీత నాకు తెలుసు, బరువుగా పొడుగ్గా పడుతుంది. బాబాయి గీత పొట్టిగా, తొందరగా. ఆ అంచున ఉన్నది వేరే. చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి, ఒక్కటీ తెగకుండా, ఒక్కటీ లోతెక్కకుండా. మొదటిరోజు దాన్ని చూసి, "ఇదెవరి చెయ్యి నాన్నా?" అని అడిగితే, "ఎవరిదైతే ఏం, పని చూడు" అని కసిరాడు. అప్పటినుంచి దొంగచాటుగా రోజూ ఆ అంచు చూసుకుని, అలా గీకాలని తంటాలు పడుతున్నాను. రావడం లేదు.

అమ్మ బల్ల మీద నా స్క్రేపర్ తీసుకుంది.

నలభై ఒక్క ఏళ్ళలో మా అమ్మ చేతిలో సుత్తి కూడా చూడలేదు నేను. షెడ్డులోకి టీ ఇవ్వడానికి వస్తుంది, గ్లాసులు తీసుకుని వెళ్తుంది, అంతే. ఆమె స్క్రేపర్‌ని ఎలా పట్టుకుందంటే, బొటనవేలు అలుగు మీద, చూపుడువేలు పక్కన, మోచెయ్యి ఒంటికి ఆనించి. నేను సగం గీకి వదిలేసిన కొత్త బేరింగుని ముందుకు లాక్కుని, పైట చెంగుతో దుమ్ము తుడిచి, మూడు గీతలు గీసింది. మూడంటే మూడే. పొట్టు సన్నగా చుట్టుకుని లేచింది.

చేప పొలుసులు.

"అమ్మా..." అన్నాను.

"ఆ వారం మీ నాన్న బొటనవేలు జాకీ కింద పడి నుజ్జయింది" అంది, అదేదో పాలు పొంగిన సంగతిలా. "ఫోటోలో చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడే, ఆ చెయ్యి. ఇంజను మీద మేస్త్రీలిద్దరి చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడకూడదని పెద్దాయన మాట తీసుకున్నాడు. పుట్టినరోజు నాలుగు రోజుల్లోకి వచ్చింది. మా పుట్టింట్లో గడియారాల పని చేసేవాళ్ళు, నా చేతికి ఆకురాయి అలవాటే. మూడోది నేను గీకాను. మీ బాబాయి ఒకసారి చూశాడు కూడా. చూడనట్టు వెళ్ళిపోయాడు."

"చూడనట్టు కాదు వదినా" అన్నాడు బాబాయి నేల చూస్తూ. "అంత బాగా గీకుతుంటే నాకు కుళ్ళొచ్చింది."

నాన్న నవ్వబోయి నవ్వలేకపోయాడు. "నీ దారం ఎవరి లెక్కలోనూ లేదే" అన్నాడు అమ్మతో, మెల్లగా. "తెల్లవీ ఎర్రవీ వందసార్లు లెక్కపెట్టినా దొరికేది కాదు. నువ్వు తీసేసుంటావనుకున్నాను. నిన్నడగాలని కూడా తోచలేదు నాకు."

అమ్మ స్క్రేపర్‌ని గుడ్డతో తుడిచి, ఎక్కడిదక్కడ పెట్టింది. ఆమె ఏడుస్తుందేమోనని చూస్తున్నాను. ఏడవలేదు. ఆలోచిస్తోంది.

"తీయకుండా ఎలా ఊరుకుంటాను?" అంది. "మేనేజరు వస్తున్నాడని తెలిసి నేను పెరటి గుమ్మంలోంచి వెళ్ళిపోవాల్సొచ్చింది. మళ్ళీ లోపలికి రావడానికి లేదు. అందుకని కబురు పంపాను. ‘మూడోదాన్లో నాది ఒకటి ఉంది, మూసేముందు కొస పట్టుకుని లాగమను’ అని. చెప్పే ఉంటుందని ఇన్నాళ్ళూ నిశ్చింతగా ఉన్నాను."

"ఎవరితో పంపావు?" అన్నారు ఇద్దరూ ఒక్క గొంతుతో.

అమ్మ నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

పదమూడేళ్ళప్పటి ఆ మధ్యాహ్నం నా కళ్ళ ముందు నిలబడింది. వంటింట్లోంచి షెడ్డుకి పరుగు. నోటిలో మాట. షెడ్డు మధ్యలో పట్టపురాణి. పక్కన అప్పుడే బిగించిన ఇత్తడి హారను, దాని కొసన నా తలకాయంత రబ్బరు బుడగ. ఒక్కసారి, ఒకే ఒక్కసారి నొక్కి చూద్దామని...

"నీకు గుర్తుందా అమ్మలూ?" అంది అమ్మ.

నాన్నా, బాబాయీ ఇద్దరూ నా వైపు తిరిగారు. ఇరవై ఎనిమిదేళ్ళుగా వాళ్ళిద్దరి మధ్యా కబుర్లు మోస్తున్న దాన్ని. వాళ్ళిద్దరూ ఒకేసారి నా ముఖంలోకి చూడటం ఇదే మొదటిసారి.